దీవి కొలతకు తగ్గ పందెం

అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ అనే దీవి ఉంది. 2018 డిసెంబరు దాకా దాని పేరు హావ్‌లాక్, ఇప్పటికీ చాలామంది నోట అదే పేరు. గోవింద్‌నగర్ జెట్టీలో ఓడ దిగి పడమటికి బయల్దేరితే పదకొండు పన్నెండు కిలోమీటర్ల రోడ్డు మనల్ని రాధానగర్ తీరానికి చేరుస్తుంది. మొదట నాలుగు దుకాణాలు, ఆపైన వరిమళ్లు, పోకతోటలు, కొబ్బరిచెట్లు. తూర్పు పాకిస్తాన్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన బెంగాలీ కుటుంబాలు అడవి నరికి చేసుకున్న పొలాలవి. అక్కడి నుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ గుట్టెక్కుతుంది, అడవిలోంచి దిగుతుంది, సీ మహువా మానుల నీడలో ఆగిపోతుంది. ఆ మానుల వెనక తెల్లటి ఇసుక, ఇసుక అవతల సముద్రం. ఆసియాలోకెల్లా మేలైన తీరమని 2004లో టైమ్ పత్రిక చెప్పింది దీని గురించే. సైకిలంటే ప్రాణం పెట్టేవాళ్లెవరికైనా ఈ రోడ్డు చూస్తే ఒకటే ఊహ: రంగురంగుల జెర్సీల గుంపు ఒకటి గుట్టెక్కి, మలుపు తిరిగి, నీలం రంగు కంటబడగానే సీట్ల మీంచి లేచి చివరి పరుగు అందుకోవడం.

ఇది ఒక్క అండమాన్‌కు పరిమితమైన కల కాదు. ఎక్కడ కొబ్బరిచెట్టు, కొండ, తీరం, తారురోడ్డు ఒకచోట కలిశాయో అక్కడల్లా ఎవరో ఒకరు కన్నదే. కరీబియన్ సముద్రంలోని గ్వాడెలూప్‌లో, మలేసియాలోని లంకావిలో, జపాన్ దక్షిణపు కొసన ఒకినావాలో అది నిజం కూడా అయింది. మనకూ 836 దీవులు, దీవిముక్కలు, రాతి గుట్టలున్న అండమాన్ నికోబార్ ఉంది. మరి మనకెందుకు లేదు? ఈ ప్రశ్నకు పర్యాటక శాఖ భాషలో జవాబు చెప్పడం తేలిక. రేసు పెడితే టీవీలో దీవులు కనిపిస్తాయి, కనిపిస్తే జనం వస్తారు, వస్తే డబ్బు వస్తుంది అంటే సరిపోతుంది. ఆ లెక్క మీద కట్టిన రేసు అండమాన్‌కు వద్దు. అక్కడ పందెం జరగాల్సింది దీవి కొలతలకు లోబడి, దీవి పిల్లల కోసం. అలా చేస్తేనే అది నిలుస్తుందని, అది మనవల్ల అయ్యే పనేనని చెప్పడానికి చాలినంత సాక్ష్యం ఉంది.

ముందు పిల్లల సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులన్నిటిలో కలిపి ఉన్నది 3,80,581 మంది. మన దగ్గర ఓ మోస్తరు జిల్లా కేంద్రంలో ఉండే జనం. అంతమందిలోంచి భారత సైక్లింగ్‌కు వచ్చిన పేర్లు చూడండి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు కార్ నికోబార్‌లో తొమ్మిదేళ్ల పాప ఒకతె చెట్టు కొమ్మ పట్టుకుని రోజుల తరబడి ప్రాణం నిలుపుకుంది. ఆమే డెబోరా హెరాల్డ్. 2015లో మహిళల 500 మీటర్ల టైమ్ ట్రయల్‌లో ప్రపంచ ర్యాంకుల్లో నాలుగో స్థానానికి చేరింది. ఆమె తర్వాత ఎసో ఆల్బెన్. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఎగ్ల్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ ట్రాక్ పోటీల్లో రజతం తెచ్చాడు. మరుసటి ఏడాది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ ద ఓడర్‌లో మణిపూర్ కుర్రాళ్లతో కలిసి జట్టు స్ప్రింట్‌లో స్వర్ణం కొట్టాడు. సైక్లింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మన దేశానికి అదే తొలి బంగారం. ఫుట్‌బాల్ మీది ఇష్టంతో ఇంట్లోవాళ్లు డేవిడ్ బెక్‌హాం అని పేరు పెట్టుకున్న నికోబార్ కుర్రాడు ఎల్కటోచుంగో ఇప్పుడు దేశంలోని మేటి స్ప్రింటర్లలో ఒకడు. నూట నలభై కోట్ల దేశానికి సైకిల్ మీద పతకాలు తెచ్చింది నాలుగు లక్షల మంది కూడా లేని దీవులు. ఏ లెక్కన చూసినా ఇది మామూలు సంగతి కాదు.

అయితే వీళ్లంతా గెలిచింది రోడ్డు మీద కాదు, ట్రాక్ మీద. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టిన వెలోడ్రోమ్‌లో, గిన్నె అంచులా వాలుగా లేచే చెక్క బాట మీద, బ్రేకులు లేని, ఒకే గేరున్న సైకిళ్ల మీద సాధన చేసి. స్ప్రింటర్ అసలు పని చివరి 200 మీటర్లలో, పది సెకన్ల పైచిలుకులో అయిపోతుంది. కాబట్టి అండమాన్ పిల్లలకు రోడ్డు రేసు ఎందుకు, వాళ్ల బలం వేరే చోట ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. సబబైన ప్రశ్నే. అయితే ప్రతిభ కనిపించిన పిల్లలు ఊరు వదిలి, సముద్రం దాటి, ఢిల్లీ హాస్టల్‌లో పెరుగుతారు. వాళ్ల గెలుపు దీవికి వార్తగా తిరిగొస్తుంది తప్ప, కళ్లముందు జరిగే దృశ్యంగా రాదు. డెబోరా పరుగును కార్ నికోబార్‌లో ఎంతమంది కళ్లారా చూసి ఉంటారు? టికెట్టు కొని స్టేడియానికి వెళ్లక్కర్లేకుండా, ఇంటి గుమ్మం ముందు నిలబడి చూడగలిగిన పెద్ద ఆటలు లోకంలో ఎన్నో లేవు. రోడ్డు సైకిల్ రేసు వాటిలో ఒకటి. గుంపు వస్తున్నప్పుడు ముందు మోటారు సైకిల్ చప్పుడు, తర్వాత చెయిన్ల సన్నని రొద, ఆపైన ఒక్కసారిగా గాలి తోపు. ఎనిమిది క్షణాల్లో అంతా వెళ్లిపోతుంది. ఆ ఎనిమిది క్షణాలు చూసిన పదేళ్ల పిల్ల సాయంత్రం అన్న సైకిల్ తీసుకుని అదే గుట్ట ఎక్కి చూస్తుంది. ఆటగాళ్లు తయారయ్యేది అక్కడే.

ఇది ఊహ మాత్రమే అనిపిస్తే గ్వాడెలూప్ వైపు చూడాలి. సీతాకోకచిలుక రెక్కల్లా రెండు దీవులు ఇరుకు నీటిపాయ దగ్గర కలిసే ఫ్రెంచి భూభాగం అది. ఒక రెక్క చదునుగా చెరకు తోటలతో ఉంటుంది. ఇంకో రెక్క మీద 1,467 మీటర్ల సూఫ్రియేర్ అగ్నిపర్వతం. అక్కడ 1948 నుంచీ దీవి చుట్టుకొలతలోనే రోజుల తరబడి సాగే సైకిల్ పందెం నడుస్తోంది. బయటి దేశాల జట్లు వస్తాయి. వాటితో తలపడేది ఊళ్ల పేర్లు, క్లబ్బుల పేర్లు జెర్సీల మీద వేసుకున్న స్థానిక జట్లే. ఎండలో, వానలో జనం రోడ్డు పక్కన నిలబడి తమ ఊరి కుర్రాణ్ని పేరు పెట్టి పిలుస్తారు. దశాబ్దాల పాటు సాగిన ఈ అలవాటు ఏమిచ్చింది? 2011లో టూర్ డి ఫ్రాన్స్ బరిలో దిగిన తొలి నల్లజాతి రైడర్‌గా పేరు పొందిన యోహాన్ జెన్ పుట్టింది గ్వాడెలూప్‌లోనే. ఫ్రాన్స్ స్ప్రింట్ ట్రాక్‌ను ఏళ్ల తరబడి ఏలిన గ్రెగొరీ బోజే కుటుంబపు మూలాలు కూడా అక్కడివే. రోడ్డు రేసు పెడితే ట్రాక్ స్ప్రింటర్లు పుట్టరన్న మాటకు ఆ దీవి చరిత్రే జవాబు. సైకిల్ సంస్కృతి ఒకసారి వేళ్లూనుకుంటే కొమ్మలు ఏ వైపుకైనా పోతాయి.

లంకావి కథ మరో దారి పట్టింది. 1996లో, మహతీర్ మొహమ్మద్ ప్రధానిగా ఉన్న కాలంలో, మలేసియాను ప్రపంచపటం మీద చూపించాలన్న పెద్ద పట్టుదలతో టూర్ డి లంకావి మొదలైంది. దీవి పేరే రేసు పేరు. ఆసియాలో పేరున్న రేసుల్లో ఒకటిగా అది నిలిచింది, యూరప్ నుంచి మేటి జట్లు వచ్చాయి. అందులో కాదనేదేమీ లేదు. అయితే రేసు పెద్దదయ్యే కొద్దీ దీవి దానికి చాలలేదు. పెద్ద జట్లకు పెద్ద దూరాలు కావాలి, పెద్ద కొండలు కావాలి, వందల వాహనాలు తిరిగే దారులు కావాలి. లంకావిలో ఎత్తైన గునుంగ్ రాయా 881 మీటర్లే. అందుకే ఈ రేసులో జనం చెప్పుకునే కొండ మలేసియా ద్వీపకల్పంలో కౌలాలంపూర్ దగ్గరి గెంటింగ్ హైలాండ్స్. లంకావి దీవి ముఖం చూడకుండానే లంకావి రేసు ముగిసిన సంవత్సరాలున్నాయి. పేరు మిగిలింది, దీవి జారిపోయింది. అండమాన్‌లో రేసు అనగానే అంతర్జాతీయ హోదా, వందమందికి పైగా రైడర్లు, హెలికాప్టర్ దృశ్యాలు అని మొదలుపెట్టేవాళ్లు ఈ చరిత్ర ఒకసారి చదవాలి.

పెద్దదనం దీవికి ఎంత బరువో హవాయిలో ఇంకా స్పష్టంగా తేలింది. ఈత, సైకిల్, పరుగు కలిసిన ఐరన్‌మ్యాన్ పోటీ 1978లో ఓవాహు దీవిలో పదిహేను మందితో మొదలైంది. 1981లో లావా బీళ్లున్న పెద్ద దీవికి మారాక అక్కడి కోనా అన్న ఊరి పేరు వింటేనే ఆ క్రీడాకారుల ఒళ్లు పులకరిస్తుంది. నలభై ఏళ్లపాటు ఒకరోజు పండగలా సాగింది. 2022లో నిర్వాహకులు దాన్ని రెండు రోజులకు పెంచారు. దాదాపు ఐదు వేలమంది పోటీదారులు దిగారు. వాళ్ల వెంట కుటుంబాలు, సామాన్లు, కార్లు. ఒకే ప్రధాన రహదారి మీద బతికే ఊరు అది. బడికి, ఆసుపత్రికి, పనికి పోవాల్సిన జనం వారంలో రెండుసార్లు ఇరుక్కుపోయారు. మరుసటి ఏటికి రెండో రోజు పోయింది. పురుషుల పోటీ ఫ్రాన్స్‌లోని నీస్‌కు తరలింది, మహిళలది కోనాలో మిగిలింది. చివరికి మళ్లీ ఒకే రోజు, ఒకే చోట జరపాలనే నిర్ణయానికి వచ్చారు. అంత డబ్బు, అంత అనుభవం ఉన్న సంస్థకే దీవి తన హద్దు చూపించింది. అందులో దీవివాసుల తప్పేమీ లేదు. వాళ్లు చెప్పింది చిన్న మాట: మేం ఒక రోజు ఇవ్వగలం, రెండు రోజులు ఇవ్వలేం.

అయితే అండమాన్ ఎన్ని రోజులు, ఎన్ని కిలోమీటర్లు ఇవ్వగలదు? 8,249 చదరపు కిలోమీటర్ల నేలలో నూటికి ఎనభై పాళ్లకు పైగా అడవి. మిగిలిన దాంట్లోనే ఊళ్లు, పొలాలు, రోడ్లు. అందుకని రోజుకు రెండు వందల కిలోమీటర్ల యూరప్ తరహా దశలు ఇక్కడ అడగడమే తప్పు. అడగాల్సినవి పొట్టి దశలు. మొదటి రోజు శ్రీ విజయపురంలో, అంటే 2024 దాకా పోర్ట్ బ్లెయిర్ అన్న ఊళ్లో, సముద్రపు అంచునే కార్బిన్స్ కోవ్ దాకా ఒక్కొక్కరుగా గడియారంతో పోటీ. రెండో రోజు దక్షిణ అండమాన్‌లో వలయాలు: ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలోని చిడియా టాపూ, పడమట వండూర్. వండూర్ దారిలో సిప్పీఘాట్ వస్తుంది. 2004 భూకంపానికి ఇక్కడి నేల సుమారు మీటరు కుంగింది. అప్పటి వరిపొలాల్లోకి వచ్చిన ఉప్పునీళ్లు మళ్లీ వెనక్కి పోలేదు. రోడ్డుకు ఇరువైపులా నీళ్లు, ఆ నీళ్లలో ఎండిన చెట్ల మోళ్లు. ఏ పోస్టర్‌లోనూ కనిపించని ఆ దృశ్యం పక్కనుంచి గుంపు వెళ్తుంటే, దీవి అంటే ఏమిటో చూసేవాడికి వేరే చెప్పక్కర్లేదు.

మూడో రోజు ఓడ. రైడర్లు, సైకిళ్లు, మెకానిక్‌లు, అంపైర్లు అందరూ ఒకే ఫెర్రీలో స్వరాజ్ ద్వీప్‌కు. దేశంలో మరే రేసులోనూ లేని విషయం ఇదే, దాన్ని దాచకూడదు. ప్రధాన భూభాగంలో దశకూ దశకూ మధ్య జట్లు ఏసీ బస్సుల్లో మాయమైపోతాయి. ఇక్కడ గెలిచినవాడు, ఓడినవాడు, కూరగాయల గంపలతో ఇంటికి పోతున్న రైతు ఒకే డెక్ మీద కూర్చుంటారు. దిగాక గోవింద్‌నగర్ నుంచి రాధానగర్‌కు, మళ్లీ వెనక్కి. ఆ పన్నెండు కిలోమీటర్లను నాలుగుసార్లు తిప్పితే గుట్ట నాలుగు సార్లు ఎదురవుతుంది. ముందువాడి చాటున తొక్కేవాడికి గాలి బరువు తగ్గుతుంది కాబట్టి చదును రోడ్డు మీద గుంపు విడిపోదు. ఏటవాలు మీద వేగం పడిపోతుంది, చాటు అక్కరకు రాదు, కాళ్లే మాట్లాడాలి. పొట్టి గుట్టయినా నాలుగో సారి అది మనిషిని మనిషి నుంచి విడదీస్తుంది. ఇక షహీద్ ద్వీప్, పాత పేరు నీల్. సీతాపూర్, భరత్‌పూర్, రామ్‌నగర్, లక్ష్మణ్‌పూర్ అని ఊళ్లకు రామాయణం పేర్లు పెట్టుకుని, అండమాన్‌కు కూరగాయలు పండించి పెట్టే చిన్న చదును దీవి. ఆ సన్నని రోడ్ల మీద పెద్దల రేసు వద్దు. ఆ రోజు పిల్లలది కావాలి. ఇవన్నీ కలిపినా మూడు వందల కిలోమీటర్లు దాటవు. ఆ చిన్నదనంలోనే దీని బలమంతా ఉంది.

ఇంతకన్నా పొడవైన, ఆకర్షణీయమైన దారి ఒకటుందని పటం చూసినవాళ్లు వెంటనే అంటారు. జాతీయ రహదారి 4, అండమాన్ ట్రంక్ రోడ్డు. దక్షిణం నుంచి డిగ్లీపూర్ దాకా, 732 మీటర్ల సాడిల్ పీక్ నీడ వరకూ పోతుంది. సముద్రపు పాయల మీద వంతెనలు, మధ్యలో దట్టమైన అడవి. సైకిల్ పత్రికల భాషలో చెప్తే కలల రోడ్డు. దాని మీద ఈ రేసు ఒక్క చక్రం కూడా తిప్పకూడదు. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా అది జరావాల అడవి గుండా పోతుంది. వేల ఏళ్లుగా ఆ అడవిలో బతుకుతున్న, ఇప్పుడు కొన్ని వందలమందే మిగిలిన జాతి అది. మన జలుబు, మన తట్టు కూడా వాళ్లకు ప్రాణాంతకం కాగలవు. రిజర్వు లోపలి ఆ రోడ్డును మూసేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా ఈనాటికీ నిర్ణీత వేళల్లో వాహనాలు కాన్వాయ్‌గా పోతూనే ఉన్నాయి, ఫొటోలు తీయకూడదన్న నిబంధనతో. కెమెరాల కోసమే పుట్టే ఆటను కెమెరాలు నిషిద్ధమైన అడవిలోకి తీసుకుపోతామనడం ఎంత అన్యాయమో వేరే వివరించాలా? ఒక్క రోజుకే కదా, ఎవరినీ ఇబ్బంది పెట్టం కదా అనే సర్దుబాటు ఇక్కడ చెల్లదు. ఉత్తర అండమాన్ కావాలంటే ఓడలో మాయాబందర్ చేరి, అక్కడి నుంచి డిగ్లీపూర్ దాకా తొక్కొచ్చు. ఆ ముక్కలో రిజర్వు అడ్డం రాదు. రాత్రి ఓడ ప్రయాణం కష్టమంటే ఆ దశను వదిలేయాలి, దగ్గరిదారి వెతక్కూడదు.

ఇంకో చిక్కు దీనికన్నా మనసుకు భారమైనది. ఈ కథకు పునాది వేసిన ఆటగాళ్ల సొంత నేల నికోబార్. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన ప్రకారం అది గిరిజనుల ప్రత్యేక ప్రాంతం. అనుమతి లేకుండా బయటివాళ్లు అడుగుపెట్టరాదు. ఛాంపియన్ల ఊళ్లోకి రేసు పోలేకపోవడం లోటుగానే ఉంటుంది. అయినా ఆ నిబంధన సడలించమని రేసు పేరుతో అడగకూడదు. నికోబారీ పెద్దలు, వాళ్ల గిరిజన మండలి తమంతట తాము రమ్మంటే అది వేరే మాట, ఆ రోజు ఆనందంగా వెళ్లొచ్చు. అప్పటిదాకా పద్ధతి తిరగబడాలి: రేసు నికోబార్‌కు పోదు, నికోబార్ రేసుకు వస్తుంది. కార్ నికోబార్ నుంచి పిల్లలు ఓడెక్కి రావడానికి ఖర్చు, వాళ్లకు మంచి సైకిళ్లు, బరిలో కేటాయించిన స్థానాలు నిర్వాహకుల మొదటి పద్దులో ఉండాలి, మిగిలితే ఇచ్చే చివరి పద్దులో కాదు.

పర్యావరణం గురించి ఆందోళన పడేవాళ్లతో నాకు పేచీ లేదు. వాళ్లు లేకపోతే ఈ దీవుల్లో ఈపాటికి చాలా పోయుండేది. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించే ప్రాజెక్టుకు 2022లో అనుమతులు వచ్చాయి. దాని పక్కన పెట్టి చూస్తే, ఉన్న రోడ్డు మీద నాలుగు రోజులు సైకిళ్లు నడపడం చెట్టు కొట్టని పని. కానీ పోల్చి తప్పించుకోవడం నా ఉద్దేశం కాదు. సైకిల్ పొగ వదలదు, సైకిల్ వెనక నడిచే కార్లు వదులుతాయి. తాగి విసిరేసిన సీసా, తిని పారేసిన జెల్ పొట్లం మడ అడవిలో పడితే తీసేవాళ్లుండరు. 2021 నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నిర్ణీత చోట్ల తప్ప చెత్త విసిరితే శిక్షలు వేస్తోంది. అండమాన్‌లో ఆ నియమం ఇంకా కఠినంగా ఉండాలి, సీసా పారేసినవాడు ఆ రోజుకు బరి వదలాలి. జట్టుకో కారు బదులు అందరికీ కలిపి రెండు మూడు సహాయ వాహనాలు చాలు. ఇదంతా ఆచరణలో కుదురుతుందా అంటే ఒకినావా ఉంది. 1989 నుంచి నాగో పట్నం కేంద్రంగా అక్కడ ఏటా నవంబరులో రేసు జరుగుతోంది. మేటి రైడర్లు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు తొక్కే రోజుల్లోనే పిల్లలు, ముసలివాళ్లు, మామూలు ఉద్యోగులు తమ తమ దూరాలు తొక్కుతారు. దారి యాన్బారు అడవుల మీదుగా పోతుంది. ఎగరలేని యాన్బారు కుయినా పక్షికి లోకంలో ఉన్న ఏకైక నివాసం ఆ అడవే. 2021లో ఆ ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మూడు దశాబ్దాలు రేసు నడిచాక కూడా చేరింది.

నీళ్ల సంగతి ఇంతకన్నా పెద్ద సమస్య. అండమాన్‌లో ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది, అయినా ఎండాకాలంలో శ్రీ విజయపురం కుళాయిలకు రోజులు తప్పి నీళ్లొస్తాయి. ధనిఖారీ జలాశయం మీదే ఊరి ఆధారం. ఉప్పుగాలికి రాత్రికి రాత్రే చెయిన్ తుప్పు పట్టే చోట ప్రతి సాయంత్రం వంద సైకిళ్లను మంచినీళ్లతో కడగాలి. జలాశయం అడుగంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ పని చేస్తే ఊరికి అన్యాయం చేసినట్టే. మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలు. కాబట్టి మిగిలింది జనవరి, మహా అయితే ఫిబ్రవరి మొదటి వారాలు. గడ్డి ఇంకా పచ్చగా ఉంటుంది, జలాశయం నిండుగా ఉంటుంది. మన దేశపు గడియారం పెట్టుకున్న ఈ తూర్పు దీవుల్లో ఆరు లోపే తెల్లారుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న చోట చెమట పడుతుంది గాని ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందుకే ఆరింటికి మొదలై తొమ్మిదికల్లా ముగిసే దశలే ఇక్కడ నప్పుతాయి. దాంతో ఇంకో మేలు కూడా ఉంది. బడి గంట కొట్టేలోపు రోడ్డు మళ్లీ జనానికి దక్కుతుంది.

డబ్బు ఎవరిస్తారు, చూసేదెవరు అన్న ప్రశ్న చివరికి మిగులుతుంది. 2026 జనవరిలో పుణె పరిసరాల్లో ఐదు రోజులపాటు 437 కిలోమీటర్ల అంతర్జాతీయ రేసు జరిగింది. మన దేశంలో ఈ ఆటకు ఆదరణ పెరుగుతోందనడానికి అది గట్టి రుజువు. అంత ఖర్చు అండమాన్ మోయలేదు, మోయాల్సిన పనీ లేదు. అరవై మంది రైడర్లు, వారిలో మూడో వంతు దీవుల పిల్లలు, మిగతా దేశం నుంచి కొందరు, పొరుగున ఉన్న థాయ్‌లాండ్, మలేసియా, శ్రీలంకల నుంచి ఒక్కో చిన్న జట్టు. ఇంతే మొదలు. చూసేవాళ్ల మాటకొస్తే, గుమ్మాల ముందు నిలబడేవాళ్లలో మనవాళ్లు ఎందరో ఉంటారు. 2011 లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు నూటికి పదమూడు మంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలలు భుజాన వేసుకుని వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు అందులో చాలా ఉన్నాయి. విశాఖ రేవు నుంచి శ్రీ విజయపురానికి ఈనాటికీ ఓడ ఉంది, ప్రయాణం రెండు రాత్రులకు పైనే. హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సౌర పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ బాట వచ్చింది. విశాఖ బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా తెల్లవారుజామున తొక్కే కుర్రాళ్లున్నారు. వాళ్లలో ఒకరిద్దరు అదే ఓడెక్కి ఆ బరిలో దిగితే, రోడ్డు పక్కనుంచి తెలుగులో అరిచి పిలిచే గొంతులు తక్కువేం ఉండవు.

అండమాన్ పాలనా యంత్రాంగానికి, భారత సైక్లింగ్ సమాఖ్యకు చేసే విన్నపం ఒకటే. నాలుగు రోజుల టూర్‌ను మొదటి ఏడే ప్రకటించకండి. జనవరిలో ఒక ఆదివారం ఉదయం గోవింద్‌నగర్, రాధానగర్‌ల మధ్య ఆ పన్నెండు కిలోమీటర్లు పిల్లలకు ఇవ్వండి. కార్ నికోబార్ నుంచి వచ్చే ఇరవై మందికి ఓడ టికెట్లు, సైకిళ్లు ముందే సిద్ధం చేయండి. అందుకు కొత్త రోడ్డు వేయక్కర్లేదు, చెట్టు కొట్టక్కర్లేదు. ఉన్న రోడ్డును మూడు గంటలు మూసి ఉంచితే చాలు.